ఎర తొట్టిలో లాంజో బాప్తిస్మం

ఆర్వెల్ స్టాంపర్ పాకలోకి అడుగు పెట్టాలంటే ఎంతటివాళ్ళైనా ముందు అతనికి తమ చేతులు వాసన చూపించాల్సిందే. సబ్బు వాసన వస్తే వెనక్కి. పొగాకు వాసన వస్తే ఇంకాస్త వెనక్కి. ఇక పడవ ఇంజన్లో పోసే పెట్రోలు వాసన గనక వచ్చిందా, ఆ మనిషిని భుజం మీద చెయ్యివేసి పెరటి గేటు దాకా సాగనంపి, “రేపు రా నాయనా, కాఫీ తాగుదాం” అని మర్యాదగా చెప్పి గడియ పెట్టేవాడు.

పాకలో దాచిన నిధి ఏమీ లేదు. పశువులు తాగడానికి చేసిన పెద్ద గుండ్రటి తొట్టి ఒకటి, దాన్నిండా షాడ్ చేపలు. బారెడు పొడవు పెరిగే స్ట్రైపర్‌కి, అదే ఒంటినిండా నల్లచారలుండే ఆ వేటచేపకి, బతికున్న షాడ్ అంటే ప్రాణం. చచ్చిన షాడ్‌ని ముక్కు ముందు ఆడించినా తిరిగి చూడదు. అందుకని కేన్‌ఫోర్క్ చెరువు మీద గాలం వేసేవాళ్ళందరికీ షాడ్ కావాలి. ఆ షాడ్ ఏమో పుట్టుకతోనే సుకుమారి. వలలోంచి బకెట్లోకి వచ్చేసరికే సగం ప్రాణం పోతుంది. తొట్టికి మూలలుంటే అన్నీ ఆ మూలకే పోయి ఒకదాన్నొకటి తొక్కుకుని చస్తాయి. నీళ్ళు కాస్త వేడెక్కినా చస్తాయి, ఊరి కుళాయి నీళ్ళు పోసినా చస్తాయి, ఎవరైనా గట్టిగా తలుపు వేసినా చస్తాయేమోనని ఆర్వెల్ అనుమానం. అందుకే గుండ్రటి తొట్టి, చల్లటి బావి నీళ్ళు, అందులో గుప్పెళ్ళ కొద్దీ ఉప్పు, అడుగున గాలి బుడగలు వదిలే గొట్టం. ఆ తొట్టిలో షాడ్‌లన్నీ ఒకే వైపు, జాతరలో రంగులరాట్నంలాగా తిరుగుతూనే ఉండేవి.

పదవీ విరమణ దాకా అతను బడి బస్సు నడిపాడు. కెంటకీ కొండల్లో ఆ మలుపుల దారిలో పిల్లలు ఒకరి మీద ఒకరు పడకుండా నడిపిన చెయ్యి అది. ఇప్పుడు పిల్లల బదులు షాడ్‌లు, అంతే తేడా. చెరువు మీద ఎవరి ఎరైనా చచ్చిపోయిందని తెలిస్తే చాలు, తన పడవ వాళ్ళ పడవ పక్కకి చేర్చి, అడగకుండానే తన ఎరలోంచి సగం వాళ్ళకి ముంచి ఇచ్చేవాడు. ఆ తర్వాత వాళ్ళకి పెద్ద చేప పడి, తనకి పడకపోతే ఇంటికొచ్చి భార్యతో, “నా షాడ్‌కే పడింది తెలుసా!” అని సంబరంగా చెప్పుకునేవాడు.

ఆ భార్య పేరు డెల్ఫియా. దైవభక్తి, మొండితనం ఆమెలో సమపాళ్ళలో ఉండేవి. ఆమె అన్న లాంజో గాబర్డ్‌కి దైవభక్తి వాటా రాలేదు గాని, మొండితనం ఇద్దరి వాటా వచ్చింది.

లాంజో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. భార్య పోయాక రోజూ పొద్దున్న ఫలహారానికి చెల్లెలి ఇంటికే వచ్చేవాడు. మనిషి మంచివాడే, మాట ఇస్తే తప్పడు, కాని మందిరంలో కాలు పెట్టడు. దానికో కథ ఉంది. మందిరంలో బాప్తిస్మాల తొట్టి వెనక గోడ మీద వెనకటి పాస్టరుగారి భార్య యొర్దాను నది బొమ్మ వేసింది. పాపం ఆవిడ ఎంతో భక్తిగా వేసింది. అది అందరికీ చూపించిన ఆదివారం, సంఘమంతా నిశ్శబ్దంగా చూస్తుంటే, లాంజో వెనక బెంచీలోంచి, “అమ్మా, ఇందులో స్ట్రైపర్లు పడతాయా?” అని అడిగాడు. ఆవిడ ఏడ్చింది. పెద్దలు లాంజోని క్షమాపణ చెప్పమన్నారు. “నేను నిజంగానే తెలుసుకుందామని అడిగాను” అని లాంజో లేచి వెళ్ళిపోయాడు. అప్పటికింకా బాప్తిస్మం తీసుకోలేదు. ఆ పాస్టరుగారు బదిలీ మీద వెళ్ళిపోయారు, ఆవిడ ఆ సంగతి మరిచిపోయి కూడా ఉంటుంది. లాంజో మాత్రం మరిచిపోలేదు. డెల్ఫియా అయితే ప్రతి రాత్రీ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ముందు లాంజో పేరు చెప్పి, ఆ తర్వాతే మొగుడి పేరు చెప్పేది. ఆర్వెల్ అది విని, “సరేలే, ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళే ముందు” అని సర్దుకునేవాడు.

ఈస్టరు ముందు శుక్రవారం. మర్నాడు సంఘం చేపల విందు. కొండ మీద ఇళ్ళన్నీ దిగి వస్తాయి. చేపలు తేవాల్సింది ఆర్వెల్. అందుకోసం తెల్లవారుజామునే వాగు చెరువులో కలిసే చోట విసురు వల వేసి తెచ్చిన షాడ్‌లు పాకలో కుదురుకుని, చక్కగా గుండ్రంగా తిరుగుతున్నాయి. ఇంట్లో బల్ల మీద పొగలు కక్కే మెత్తటి రొట్టెలు, సాసేజీ గ్రేవీ, వేయించిన గుడ్లు. లాంజో రెండో రొట్టె మీద గ్రేవీ పోసుకుంటున్నాడు.

“అన్నయ్యా, పాస్టరుగారు బాప్తిస్మాల తొట్టి నింపిస్తున్నారు” అంది డెల్ఫియా, మాటల్లో మాటగా అన్నట్టు.

“ఆ బొమ్మ కిందే కదూ? అందులో మునిగితే పాపాలు పోతాయో లేదో గాని ఒంటికి నీలం రంగు అంటుకుంటుంది.”

“పోనీ చెరువులో?”

“చెరువా! నాన్న మొక్కజొన్న చేను మింగిన నీళ్ళు అవి. ఆనకట్ట కట్టి మనల్ని కొండెక్కించారు. ఆ నీళ్ళకి నేను తల వంచాలా?”

“అందులో చేపలు పడుతున్నావుగా మరి?”

“అది పగ తీర్చుకోవడం.”

ఆర్వెల్‌కి నవ్వొచ్చి కాఫీ పొలమారింది. డెల్ఫియా నవ్వలేదు. “అక్కడ కాదు, ఇక్కడ కాదు. మరెక్కడ మునుగుతావో నువ్వే చెప్పు.”

లాంజో నోటినిండా రొట్టె పెట్టుకుని చేత్తో కిటికీలోంచి పాకని చూపించాడు. “మీ ఆయన షాడ్ తొట్టిలో ముంచితే మునుగుతా. ఈ జిల్లాలో అంతకన్నా శుభ్రమైన నీళ్ళు లేవు. మాట!”

ఇద్దరు మగాళ్ళూ బల్ల చరిచి నవ్వారు. ఆ నవ్వు ఆగేసరికి డెల్ఫియా నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి కుర్చీ మీద వేసింది.

“ఎక్కడికే?” అన్నాడు ఆర్వెల్.

“ఫోను దగ్గరికి. పాస్టరుగారు ఇంట్లోనే ఉండుంటారు.”

ఆర్వెల్ మెల్లిగా లేచి పాకలోకి వెళ్ళి తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డాడు. షాడ్‌లు ఏమీ తెలియక తిరుగుతున్నాయి. లాంజో ఒంటి మీద ఏమేం వాసనలుంటాయో అతను మనసులోనే పోగు చేసుకున్నాడు. ఇంజను ఆయిలు, నమిలే పొగాకు, గడ్డానికి రాసుకునే ఏదో అత్తరు. ఆ మనిషి ఈ నీళ్ళలో దిగితే రేపు విందులో అందరూ ఉడికించిన చిక్కుడుగింజలు తిని ఇళ్ళకి పోవాల్సిందే.

ఫోను పెట్టేసి వెనకాలే డెల్ఫియా వచ్చింది. అడగకుండానే చేతులు చూపించింది. ఆర్వెల్ వాసన చూడలేదు.

“పెళ్ళైన దగ్గర్నుంచీ నిన్ను నేనేమైనా అడిగానా?” అంది.

“పోయినేడు బట్టలుతికే మిషను అడిగావు.”

“అది బట్టలకి. ఇది మా అన్నయ్యకి.”

“సంఘం విందు డెల్ఫీ! అందరూ నన్ను నమ్ముకుని బాణళ్ళలో నూనె పోసుకుంటారు. ఇవి చస్తే రేపు నేను ఏ మొహం పెట్టుకుని...”

“అన్నయ్య మళ్ళీ ఎప్పుడైనా ‘మునుగుతా’ అంటాడా? రేపటికి ఆ మాట ఆరిపోతుంది. ఇవాళ తడిగా ఉంది.”

ఆర్వెల్ టోపీ తీసి, తల గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని దేవుణ్ణి ఒక్కమాట అడిగాడు. జవాబు ఏమొచ్చిందో ఎవరికీ చెప్పలేదు గాని, కళ్ళు తెరిచాక అతని గొంతు బడి బస్సు డ్రైవరు గొంతులా మారింది.

“సరే. కాని నా తొట్టి దగ్గర నా నియమాలు. సబ్బు లేదు, అత్తరు లేదు, పొగాకు లేదు. పాస్టరుగారికైనా సరే.”

వంటింట్లో లాంజో అప్పటికే టోపీ పెట్టుకుని గుమ్మం దాటబోతున్నాడు. “తమాషాకన్నాను చెల్లెమ్మా. ఓ ఇంజను పని అర్జంటుగా ఉంది.”

డెల్ఫియా లోపలికి వెళ్ళి పెట్టె తెరిచి ఓ తెల్లటి తువాలు తెచ్చింది. మడతల దగ్గర పసుపు రంగుకి తిరిగింది గాని ఒక్కసారి కూడా వాడలేదు.

“ఎప్పటిది ఇది?” అన్నాడు లాంజో.

“నువ్వు మందిరం మానేసిన ఏడాదే కొన్నాను. నువ్వు నీళ్ళలోంచి లేచినప్పుడు తుడవడానికి.”

లాంజో ఆ తువాలుని చూశాడు. చెల్లెలి చేతుల్ని చూశాడు. గుమ్మంలోనే టోపీ తీసి మేకుకి తగిలించాడు. ఆ మనిషి పంతం వదలడం అదే మొదలు.

పాస్టరు క్విలెన్‌గారు పడుచువాడు, మెత్తటి మనిషి. పాత కారులో దిగి సంగతి విని, “యేసు శిష్యుల్లో కొంతమంది జాలరులే కదమ్మా. ఎర దగ్గర బాప్తిస్మం అంటే వాళ్ళు కాదనరు” అన్నారు. అంతలో ఆర్వెల్ బకెట్ పట్టుకుని దగ్గరికొచ్చి ఆయన తల వాసన చూశాడు.

“క్రీము రాసుకున్నారా అయ్యగారూ?”

“కొంచెం... జుట్టు లేస్తుందని.”

“వంగండి.”

ఏప్రిలు నెల బావి నీళ్ళు ఎముకల్లోకి దిగుతాయి. పాస్టరుగారి అరుపు అవతలి కొండ దాకా పోయింది. తర్వాత లాంజో వంతు. ఆర్వెల్ అతన్ని పెరట్లో నిలబెట్టి, బకెట్ మీద బకెట్ కుమ్మరిస్తూ గోనెగుడ్డతో వీపు రుద్దుతున్నాడు, ఆవుని రుద్దినట్టు.

“ఉన్నవాణ్ణి ఉన్నట్టే రమ్మంటున్నాడు దేవుడు!” లాంజో పళ్ళు టకటకమంటున్నాయి. “నువ్వేమో కడుక్కుని రమ్మంటున్నావేంటి బావా!”

“దేవుడి సంగతి వేరు బావా. ఆయన చచ్చినవాళ్ళని లేపగలడు. నేను షాడ్‌ని లేపలేను. చంకలెత్తు.”

“ఇంతకన్నా ఆ బొమ్మ యొర్దానే నయం.”

“ఇప్పుడా చెప్పేది? తిరుగు.”

చివరికి ఇద్దరి వాసనా ఆర్వెల్‌కి నచ్చింది. లాంజో ఆర్వెల్ పాత ఓవరాల్సు తొడుక్కుని తొట్టిలో ఒక కాలు పెట్టాడు, ఆ తర్వాత పాస్టరుగారు. నీళ్ళు అంచు మీంచి పొర్లాయి. దాంతోపాటు ఓ షాడ్ కూడా జారబోతే ఆర్వెల్ చేతివలతో గాల్లోనే అందుకుని మళ్ళీ లోపల వేశాడు. “నెమ్మది, నెమ్మది! కాళ్ళు ఈడ్చండి, ఎత్తద్దు. వాటికి దారివ్వండి.”

షాడ్‌లు ఒక్క క్షణం చెదిరాయి. తర్వాత ఎవరో చెప్పినట్టు ఇద్దరి చుట్టూ చేరి ఎప్పటిలాగే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. ఆ తళతళల మధ్య లాంజో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పాస్టరుగారు అడగాల్సినవి అడిగారు. యేసుని నమ్ముతున్నావా అన్నప్పుడు ఓ పెద్ద షాడ్ లాంజో మోచేతిని రాసుకుంటూ పోయింది. దాన్నే చూస్తూ, “నమ్మకపోవడం ఎప్పుడూ లేదండి” అన్నాడు మెల్లిగా. “మనుషుల మీద కోపం, ఆయన మీద పెట్టాను.”

డెల్ఫియా పాట ఎత్తుకుంది. ఆమెకి శ్రుతి ఎప్పుడూ ఉండదు, కాని ఆ రోజు ఎవరికీ తేడా తెలియలేదు. పాస్టరుగారు లాంజోని వెనక్కి వాల్చి ముంచారు. ఆర్వెల్ చూడాల్సింది బావని. కాని కళ్ళు షాడ్‌ల మీదకే పోతున్నాయి. ఆ సంగతి తనకే తెలిసి సిగ్గుపడి తల తిప్పి భార్యని చూశాడు. ఆమె రెండు చేతులతో ఆ తువాలుని గుండెకి ఆనించుకుని పాడుతోంది. ఆ తర్వాత అతనికి షాడ్‌లు గుర్తు రాలేదు.

లాంజో నీళ్ళు చిమ్ముతూ లేచాడు. గడ్డం నిండా వెండి పొలుసులు.

“థూ! ఇంత ఉప్పేంటి?”

“వాటి ఒంటికి మంచిది బావా.”

“చెప్పద్దా ముందు! ఆగండి, ఆగండి...” ఓవరాల్సు ముందు జేబులో ఏదో కొట్టుకుంటోంది. లాంజో చెయ్యి పెట్టి షాడ్‌ని బయటికి తీశాడు. విసిరెయ్యలేదు. దోసిట్లో పట్టి నీళ్ళలోకి జారవిడిచి, అది మిగతావాటితో కలిసే దాకా చూశాడు. డెల్ఫియా తువాలుతో అతని మొహం తుడిచింది. అతను కూడా ఆమె మొహం తుడిచాడు. తడి ఎవరిదో ఎవరికీ అక్కర్లేకపోయింది.

సాయంత్రం దాకా ఆర్వెల్ తొట్టి దగ్గరే కూర్చున్నాడు. ఒక్క షాడ్ కూడా చచ్చి తేలలేదు. కృతజ్ఞతగా ప్రార్థన చేసి, లోపలికి వెళ్ళి ఆకలిగా అన్నీ తిన్నాడు. గండం గడిచిందనుకున్నాడు. అదే పొరపాటు.

మర్నాడు తెలవారుతూనే ఇద్దరూ పడవలో చిన్నతొట్టి నిండా షాడ్ వేసుకుని వాగు కలిసే చోటికి వెళ్ళారు. నీళ్ళ మీద పల్చగా పొగమంచు. కింద స్ట్రైపర్ల గుంపు ఉందని పడవలో చేపల జాడ చూపించే యంత్రం తెర మీద గీతలు గీతలుగా కనిపిస్తోంది. ఆర్వెల్ గాలం కర్రలు బయటికి తీశాడు. లాంజో చేతివలతో ఓ షాడ్‌ని తీసి, గాలం దాని ముక్కు దగ్గర పెట్టాడు. అలాగే ఉండిపోయాడు.

“ఏంటి బావా? కొక్కెం మొద్దుబారిందా?”

“ఇది కాదులే.” దాన్ని చెరువులోకి వదిలేశాడు. ఇంకోటి తీశాడు. “ఇదీ కాదు.” అదీ వదిలేశాడు.

“ఏం తక్కువ దానికి? నిగనిగలాడుతోంది!”

లాంజో దూరంగా కొండలవైపు చూశాడు. “నిన్న ఇవి నాతో నీళ్ళలో ఉన్నాయి బావా. నేను మునిగినప్పుడు చుట్టూ ఉన్నాయి. సాక్షులు. సాక్షి ముక్కులో గాలం ఎలా గుచ్చను?”

“బావా! సాక్షులంటే... అన్నీ ఉన్నాయి కదా ఆ తొట్టిలో!”

“అదే నేను చెప్పేది.”

ఆర్వెల్ పడవ అంచు మీద కూలబడ్డాడు. ఒడ్డున అప్పటికే బల్లలు వేస్తున్నారు, బాణళ్ళు దించుతున్నారు, గాలికి మాటలు వినబడుతున్నాయి. ఆ చేపలు తనవి. గట్టిగా ఓ మాటంటే లాంజో ఊరుకుంటాడు. కళ్ళు మూసుకో, నేనే గుచ్చుతాను అనొచ్చు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. కాని పొగమంచులో బావ మొహం చూశాడు. అది పేచీ పెట్టే మొహం కాదు. కొత్త చొక్కా తొడిగిన పిల్లవాడు మట్టి అంటకుండా నడిచినట్టు, జాగ్రత్తగా, భయంగా ఉంది. ఆర్వెల్ మెల్లిగా లేచి చిన్నతొట్టి మూత పూర్తిగా తీశాడు.

“పద. చెరో వైపు పట్టు.”

ఇద్దరూ తొట్టిని వంచారు. షాడ్‌లన్నీ ఓ వెండి ముద్దలా చెరువులోకి జారి, ఒక్కసారి గుండ్రంగా తిరిగి, ఎటో మాయమైపోయాయి. “ఇంకో గడియలో వాటినెలాగూ స్ట్రైపర్లు తింటాయి బావా” అన్నాడు ఆర్వెల్.

“అది వాటికీ స్ట్రైపర్లకీ మధ్య. నా చెయ్యి లేదు కదా.”

ఆర్వెల్ విసురు వల భుజాన వేసుకుని, వల తాడు ఓ అంచు పళ్ళతో పట్టుకుని, పడవ ముక్కు మీద నిలబడి విసిరాడు. మొదటిది మడత పడింది. రెండోది పువ్వులా విచ్చుకుంది. మళ్ళీ మళ్ళీ విసిరి, భుజాలు లాగి, చివరికి చిన్నతొట్టి అడుగు కనబడనంత షాడ్ దొరికింది.

లాంజో వంగి చూశాడు. “వీటికి నేనెవరో తెలియదు. పర్వాలేదు” అని ఒకదాన్ని తీసి శుభ్రంగా ముక్కుకి గుచ్చి నీళ్ళలోకి దించాడు. కర్రని పడవ అంచున ఉన్న గొట్టంలో నిలబెట్టాడు. తర్వాత టోపీ తీసి, తల వంచి, కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

ఆర్వెల్ గొంతు తగ్గించి అడిగాడు. “ఏం చేస్తున్నావు?”

“కనబడట్లా? ప్రార్థన.”

ఆర్వెల్ కూడా టోపీ తీశాడు. లాంజోకి ప్రార్థన కొత్త, చేసి ఎరగడు. మొదలుపెట్టడం వచ్చింది గాని ఆపడం ఎలాగో తెలియలేదు. చెల్లెలి కోసం అడిగాడు. తడిసిన పాస్టరుగారికి రొంప రాకూడదని అడిగాడు. వదిలేసిన షాడ్‌ల కోసం, వాటి పిల్లల కోసం. ఇంజను సరిగ్గా స్టార్టు కాక తనని తిట్టిన వాళ్ళ కోసం, తను వాళ్ళని తిరిగి తిట్టిన తిట్ల కోసం.

సరిగ్గా అప్పుడే గాలం కర్ర వంగింది. మామూలుగా వంగలేదు, కొస నీళ్ళలోకి దిగిపోయింది. తాడు చుట్ట కీచుమని అరుస్తూ తిరుగుతోంది. అది స్ట్రైపరే, అదీ పెద్దది. పట్టి ఆపకపోతే ఇంకాసేపట్లో తాడంతా పోతుంది. ఒడ్డున బాణళ్ళలో నూనె కాగుతోంది. ఆర్వెల్ చేతులు కర్ర దాకా వెళ్ళాయి, టోపీ పట్టుకున్న చేతులు. అక్కడే ఆగాయి.

ఇన్నేళ్ళూ డెల్ఫియా మోకాళ్ళ మీద కూర్చుని అడిగింది ఇదే కదా. దీన్ని మధ్యలో తెంపడం ఎలా?

కర్ర వణుకుతోంది. తాడు పోతోంది. లాంజో ఇప్పుడు తన చనిపోయిన భార్య గురించి చెబుతున్నాడు, ఆవిడ ఉంటే నిన్నటి రోజుకి ఎంత నవ్వేదో అని. ఆర్వెల్ ఒక కన్ను మూసి, ఒక కన్ను తాడు మీద ఉంచి, టోపీని పిండుతూ నిలబడ్డాడు. చేప పోతే పోతుంది, చిక్కుడుగింజలున్నాయి.

“...ఇంకా చాలా ఉంది గాని, ఏదో లాగుతున్న చప్పుడు వస్తోంది ప్రభువా, తర్వాత చెబుతాను. ఆమెన్.”

“ఆమెన్!” అని ఆర్వెల్ అరిచిన అరుపుకి ఒడ్డున బల్లలు సర్దుతున్నవాళ్ళంతా తల తిప్పి చూశారు. “పట్టు బావా! పట్టు!”